మట్టి కప్పే ముందు అతుకు చూడండి: మెదక్ మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,



నల్లా నీళ్ల మీద మీ కార్యాలయానికి వచ్చే అర్జీలు ఎలా ఉంటాయో ఊహించగలను. నీళ్లు రావడం లేదని కొందరు, సన్నగా వస్తున్నాయని కొందరు, వాసన వస్తున్నాయని మరికొందరు. నేను రాస్తున్నది అంతకంటే చిన్న సంగతి. రెండు పైపులు కలిసేచోట రాసే సొల్యూషన్ గురించి, దాన్ని రాసే తీరు గురించి, రాశాక ఆగాల్సిన కొద్ది సేపటి గురించి. పై మూడు రకాల అర్జీల్లో చాలావాటికి మూలం వెతుకుతూ పోతే ఈ చిన్న సంగతి దగ్గరే ఆగుతాం. అందుకని మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను: వేసిన అతుకులను నీళ్ల ఒత్తిడితో పరీక్షించి, తడి లేదని కళ్లతో చూసేదాకా మన పట్టణంలో ఏ పైపు గుంతనూ పూడ్చనివ్వకండి.

ఈ నీళ్ల కోసం రాష్ట్రం ఎంత శ్రమపడిందో మీకు తెలియంది కాదు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకానికి పైలాన్ ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని చేతుల మీదుగా ఆ పథకం మొదలైంది. అప్పటికి కోమటిబండ మన మెదక్ జిల్లాలోదే. కొత్త జిల్లాలు వచ్చింది ఆ అక్టోబరు 11న. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు ఇవ్వాలని లెక్క కట్టారు. 2011 జనాభా లెక్కల్లో మన పట్టణం 44 వేల పైచిలుకు. ఆనాటి జనానికే 135 చొప్పున గుణిస్తే రోజుకు దాదాపు 60 లక్షల లీటర్లు. జలాశయంలో తోడి, శుద్ధి చేసి, పంపులతో ఎత్తి, ట్యాంకీలకెక్కించిన నీళ్లివి. అంత దూరం పెద్ద పెద్ద పైపుల్లో, ఇంజనీర్ల కళ్ల ముందు నడిచివస్తాయి. వచ్చి వచ్చి, గల్లీలోని లైను నుంచి ఇంటి గడప దాకా ఉన్న చివరి పది మీటర్లలో మాత్రం ఎవరి కంటా పడని అతుకుల మీద ఆధారపడతాయి.

మన ప్లంబర్లు సొల్యూషన్ అనేదానికి డబ్బా మీద సాల్వెంట్ సిమెంట్ అని ఉంటుంది. చాలామంది దాన్ని జిగురు అనుకుంటారు. జిగురైతే రెండు వస్తువుల నడుమ పొరగా నిలిచి వాటిని పట్టుకుంటుంది. ఇది చేసే పని వేరు. పైపు ఏ ప్లాస్టిక్కుతో తయారైందో ఆ ప్లాస్టిక్కునే టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్ వంటి ద్రావకాల్లో కరిగించి దీన్ని చేస్తారు. రాయగానే ద్రావకం పైపు పైపొరను, సాకెట్ లోపలి పొరను మెత్తబరుస్తుంది. ఆ మెత్తదనం ఉండగానే ఒకదాంట్లోకి ఒకటి తోస్తే రెండు పొరలూ కలిసిపోతాయి. ఆ మీదట ద్రావకం మెల్లగా ఎగిరిపోయి ప్లాస్టిక్ మిగులుతుంది. బాగా కుదిరిన అతుకులో పైపు వేరు, సాకెట్ వేరు అని విడదీయడం కుదరదు. మళ్లీ విప్పి సరిచేసుకునే వీలూ ఉండదు. కోసి పారేసి కొత్తది వేయాల్సిందే. మొదటిసారే సరిగ్గా చేయాలని ఇంతగా పట్టుబట్టేది అందుకే.

సాకెట్ లోపల చూస్తే గోడ నిటారుగా ఉండదు. నోటి దగ్గర కాస్త వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. సొల్యూషన్ రాయకముందు పైపును వట్టిగా పెట్టి చూస్తే, సాకెట్ లోతులో మూడో వంతుకూ మూడింట రెండు వంతులకూ మధ్య ఎక్కడో బిగుసుకోవాలి. వట్టిగానే అడుగుదాకా జారిపోయిందంటే ఆ పైపూ ఆ ఫిట్టింగూ జోడు కుదరనివి. సొల్యూషన్ పడ్డాక మెత్తబడి చివరిదాకా పోతుంది. అసలు బలం పుట్టేది ఆ లోపలి బిగువు భాగంలో. సగం తోసి వదిలేసిన పైపు పైకి నిక్షేపంగా కనబడుతుంది, నీళ్ల ఒత్తిడి తగిలితే జారుతుంది. పైగా ఆ వాలు, మెత్తబడిన పైపును మెల్లగా బయటికి నెడుతుంటుంది కూడా. అందుకే పావు వంతు తిప్పుతూ అడుగుదాకా తోసి, అర నిమిషం రెండు చేతులతో అదిమిపట్టి ఉంచమంటారు.

ఆ అర నిమిషానికి ముందు చేయాల్సినవీ ఉన్నాయి. పైపును అడ్డంగా, సమంగా కోయాలి. హాక్‌సా బ్లేడుతో చేతికొచ్చినట్టు కోస్తే ఏటవాలుగా తెగి, ఒక పక్క సాకెట్ అడుగుకు ఆనుతుంది, రెండో పక్క ఆనదు. కోసినచోట లేచిన పొట్టును లోపలా బయటా గీకి తీసేయాలి, అంచును కాస్త వాలుగా చెక్కాలి. లేదంటే ఆ పదునైన అంచు సాకెట్‌లోని సొల్యూషన్‌నంతా ముందుకు ఊడ్చేస్తుంది, అతుకులో ఏమీ మిగలదు. దుమ్ము, తడి, నూనె చేతుల జిడ్డు శుభ్రంగా తుడవాలి. సాకెట్ లోతెంతో పైపు మీద పెన్సిలుతో గీత గీసుకోవాలి. పైపు మీద నిండుగా, సాకెట్‌లో పలుచగా రాయాలి. లోపల మడుగు కట్టేలా పోస్తే ద్రావకం పైపు గోడనే తినేస్తుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ గట్టి అన్న నమ్మకం మన దగ్గర బాగా ఉంది. అది పొరపాటు.

ఆ తర్వాతిది ఆగడం. తయారీదార్లు డబ్బాలతో పాటు ఇచ్చే పట్టికల్లో బ్రాండును బట్టి కొంత తేడా ఉంటుంది గాని, స్థూలంగా ఇలా చెబుతాయి: 16 నుంచి 38 డిగ్రీల వేడిలో, అర అంగుళం నుంచి అంగుళంపావు దాకా పైపులను రెండు నిమిషాలు కదపకూడదు, కనీసం పావుగంట దాకా నీళ్లు వదలకూడదు. రెండున్నర అంగుళాలు దాటిన పైపులకు ఆ పావుగంట గంటన్నర అవుతుంది. ఒత్తిడి బాగా ఎక్కువుండే లైనైతే 24 గంటలు. గాలిలో తేమ ఎక్కువైతే ఇందులో సగం అదనంగా కలుపుకోవాలి. ఇంత సమయం ఎవరిస్తున్నారు? సాయంత్రం నల్లా వదిలే వేళకు గుంతలో అతుకు వేస్తారు, వేసిన చేత్తోనే వాల్వు తిప్పుతారు, నీళ్లు పారుతుండగానే మట్టి లాగుతారు. ఇంటివాళ్లకు నీళ్లొచ్చాయన్న సంతోషం, పనివాళ్లకు ఇంకో ఇంటికి పోవాలన్న తొందర. తప్పు ఎవరో ఒకరిది అనలేను. అందరి తొందరా కలిసి ఆ అతుకు మీద పడుతుంది.

మన ఎండలు దీనికి తోడు. మే నెలలో మెదక్‌లో 42, 43 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రోడ్డు పక్కన ఎండలో పడి ఉన్న పైపు గాలి కంటే వేడిగా ఉంటుంది. అలాంటి పైపు మీద సొల్యూషన్ రాస్తే సాకెట్‌లోకి తోసేలోపే ద్రావకం ఎగిరిపోయి పైన పొరకడుతుంది. రెండు పొరలు కలవాల్సినచోట ఒకదాని మీద ఒకటి ఊరికే ఆనుకొని ఉంటాయి. కొన్ని వారాలు నిలుస్తుంది కూడా. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఊడుతుంది. వేసవిలో ఈ పని పొద్దున పూట పెట్టుకోవాలి. పైపులను, డబ్బాను నీడన ఉంచాలి. వేడెక్కిన చివరలను తడిగుడ్డతో చల్లార్చి, పూర్తిగా ఆరాకే రాయాలి. మూత తీసి వదిలేసిన డబ్బాలో సొల్యూషన్ గడ్డకడుతుంది. దాంట్లో పెయింటు థిన్నరు పోసి కలిపి వాడటం చూస్తుంటాం. అలా పలుచబడ్డది సొల్యూషన్ కానే కాదు, పారేయాలి. వానాకాలం చిక్కు ఇంకోరకం. గుంతలో నీళ్లు ఊరుతుంటాయి, పైపు చివర తడిసే ఉంటుంది, ఆ తడి మీదే రాసేస్తారు. ముందు గుంతను తోడి, పైపును పైకెత్తి, తుడిచి ఆరబెట్టే ఓపిక ఉంటేనే ఆ రోజుల్లో పని మొదలుపెట్టాలి.

ఇంకొన్ని అలవాట్లున్నాయి. కప్లింగ్ కొనకుండా, కాగితాలు తగలబెట్టి ఆ మంట మీద పైపు మూతిని మెత్తబరచి, ఇంకో పైపును లోపలికి దూర్చడం వాటిలో ఒకటి. మంటకు గోడ పలచబడుతుంది, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ సాగుతుంది. అక్కడ ఎంత మంచి సొల్యూషన్ పూసినా ఏం లాభం? కారే అతుకు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కను బిగించి కట్టడం మరొకటి. పొలంలో బోరు నీళ్లకు నాలుగు రోజులు నెట్టుకొస్తే రావచ్చు గాని, తాగే నీళ్ల లైనుకు అది పనికిరాదు. ఇక వేడినీళ్లకు వాడే లేత పసుపు సీపీవీసీ పైపుకు మామూలు పీవీసీ సొల్యూషన్ రాయడం. రెండు ప్లాస్టిక్కులూ చుట్టాలే అయినా, దేని సొల్యూషన్ దానికే. పైపు కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూసేవాళ్లు సొల్యూషన్ డబ్బాను తిప్పి చూడరు. తాగునీటి యూపీవీసీ పైపుకు ఐఎస్ 4985, సీపీవీసీకి ఐఎస్ 15778 ఉన్నట్టే, యూపీవీసీ సొల్యూషన్‌కూ ఐఎస్ 14182 అని ప్రమాణం ఉంది. వేల రూపాయల పైపులు కొని, కొన్ని పదుల రూపాయల దగ్గర ఊరూ పేరూ లేని డబ్బా తీసుకుంటాం.

నీలిగీతల నల్ల పైపు విషయం మీ సిబ్బందికి ప్రత్యేకంగా చెప్పాలని మనవి. ఆ హెచ్‌డీపీఈ పైపును ఏ సొల్యూషనూ కరిగించలేదు. దాన్ని అతికేది వేడితోనే: రెండు చివరలను 200 డిగ్రీలు దాటిన పలకకు ఆనించి, కరిగాక ఒకదానికొకటి అదిమి చల్లారేదాకా పట్టి ఉంచాలి. లేదా మరతో బిగించే కంప్రెషన్ ఫిట్టింగులు వాడాలి. ఎక్కడైనా మరమ్మతులో నల్ల పైపుకు పీవీసీ ముక్కను సొల్యూషన్‌తో అంటించి పోతే, అది అతికినట్టు కనబడేది మట్టి కప్పేదాకానే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పది మీటర్ల ఎత్తు ట్యాంకీ ఒత్తిడి ఉన్న లైనులో అతుకు దగ్గర రెండు మిల్లీమీటర్ల కన్నం పడిందనుకోండి. దాంట్లోంచి గంటకు దాదాపు 95 లీటర్లు పోతాయి. ఆ లైనులో రోజంతా నీళ్లుంటే 2,200 లీటర్లు దాటుతుంది. పదహారు పదిహేడు మందికి రోజంతా చాలే నీళ్లు, అగ్గిపుల్ల మందం కన్నంలోంచి. మన గల్లీల్లో అలాంటి అతుకులు ఎన్ని ఉన్నాయో మట్టికే తెలుసు. నీటి సరఫరాలో లెక్కకు రాని నీళ్లు 20 శాతానికి మించకూడదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే సేవా ప్రమాణాల్లో పెట్టింది. నల్లా బిల్లులు గట్టిగా వసూలు చేసినంత మాత్రాన అక్కడికి చేరలేం. మట్టిలో కారేదానికి బిల్లు వేసేదెవరికి?

నీళ్లు పోవడం సగం కష్టమే. అసలు భయం లోపలికి వచ్చేదాని గురించి. మనకు నీళ్లు ఇరవైనాలుగ్గంటలూ రావు. కట్టేశాక లైను ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. అదే లైను మీద నాలుగిళ్లవాళ్లు నల్లాకే నేరుగా మోటారు పెట్టి గుంజితే లోపల పీల్పు పుడుతుంది. నీళ్లు బయటికి చిమ్మిన కన్నమే అప్పుడు బయట ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది. మన గల్లీల్లో నల్లా పైపు పోయేది మోరీ పక్క నుంచి, చాలాచోట్ల మోరీలోంచే. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి వాంతులు విరేచనాలతో బస్తీలు అల్లాడాయి, ప్రాణాలు పోయాయి. రెండూ మనకంటే ఎన్నో రెట్లు పెద్ద వ్యవస్థలున్న నగరాలు. మోరీలోని అతుకు ఏ ఊళ్లోనైనా మోరీలోని అతుకే. నీటి శుద్ధికి ఎంత క్లోరిన్ కలిపినా, ఇంటి గుమ్మం దగ్గర కలిసే మురుగును అది ఎంతవరకు ఆపగలదు?

ప్లంబర్ల మాట కూడా వినాలి. ఐటీఐల్లో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు ఉంది. కానీ గల్లీల్లో పనిచేసే చాలామంది ఇంకొకరి వెనక పానాలు మోస్తూ నేర్చుకున్నవాళ్లు. చేతి నైపుణ్యంలో వాళ్లకు సాటి లేదు. పావుగంట ఎందుకు ఆగాలో, ఎండలో డబ్బా ఎందుకు పెట్టకూడదో ఎవరూ చెప్పకపోతే వాళ్ల తప్పేముంది? ఆగిన సమయానికి కూలి రాదు కూడా. పాయింటుకింత అని మాట్లాడుకున్నప్పుడు ఆగిన ప్రతి నిమిషం వాళ్ల జేబులోంచి పోయినట్టే. వాళ్ల ఆరోగ్యం మాట ఎవరూ ఎత్తరు. ఆ ద్రావకాల ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మూసిన సంపులోనో, స్నానాల గదిలోనో తలుపేసుకొని, నోట్లో బీడీతో సొల్యూషన్ రాసే మనిషికి అది ప్రాణాపాయమని చెప్పేవాళ్లు ఉండాలి. గాలి ఆడేలా చూసుకోవాలని, చేతి తొడుగులు వేసుకోవాలని మీ కార్యాలయం తరఫున ఒక్క పూట పిలిచి చూపించినా ఊరికి మేలు. కొత్త లైను వేశాక మొదటి నీళ్లను కాసేపు వదిలేయాలని, ఆ సొల్యూషన్ వాసన పోయాకే తాగాలని ఇంటివాళ్లకు చెప్పడం కూడా అక్కడే నేర్పవచ్చు.

పైపుల పని అంచనాల్లో వేయడం, అతకడం, పరీక్షించడం అని కలిపే రేటు కడతారు. అంటే పరీక్షకు పట్టణం డబ్బు ముందే చెల్లిస్తోంది. చేయించుకోవడమే మిగిలింది. పద్ధతి కష్టమైనదేమీ కాదు. లైను చివర మూసి, గాలి పూర్తిగా పోయేలా మెల్లగా నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచాలి. మామూలుగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, మీటరు ముల్లు నిలబడుతుందో దిగుతుందో చూడాలి. మధ్యలో పైపులు కదలకుండా మట్టి వేసుకోవచ్చు, అతుకులున్నచోట్ల మాత్రం తెరిచి ఉంచాలి. తొందరగా అయిపోతుందని కంప్రెసర్ గాలితో పరీక్ష పెట్టనివ్వకండి. గాలి ఒత్తిడికి ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకు తగులుతాయి.

అమెరికాలో పీవీసీ అతుకుకు సొల్యూషన్ రాసేముందు ప్రైమర్ అనే ద్రావకం రాయాలని అక్కడి ప్లంబింగ్ నియమావళి చెబుతుంది. ఆ ప్రైమర్‌కు ఊదారంగు వేస్తారు. రంగు లేకున్నా ప్రైమర్ తన పని తాను చేస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి దూరం నుంచి చూసి, రాశారా లేదా అన్నది తెలుసుకోవడానికే ఆ రంగు. నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది. పనివాడిని అనుమానించడం కాదిది. మంచిగా చేసినవాడి పని నలుగురికీ కనబడటం. మన ఊళ్లో అలాంటి ఊదారంగు ఇప్పటికైతే లేదు. పూడ్చకముందు తెరిచి ఉంచిన గుంత ఉంది.

గుంత తెరిచి ఉంచితే జనం తిడతారని మీరు అనవచ్చు. నిజమే. రాందాస్ చౌరస్తా దగ్గర ఒక పూట గుంత ఉంటే బండ్లు ఎటు పోవాలి? రాత్రి ఎవరైనా పడితే? ఆ మాట తేలిగ్గా తీసేయను. అందుకే ఇళ్ల కనెక్షన్ల చిన్న పైపులకు ఆగే పావుగంట, పరీక్షా కలిపి గంట, గంటన్నర మాత్రమే అడుగుతున్నాను. చౌరస్తాల్లో పెద్ద పైపును సాయంత్రం అతికి, చుట్టూ అడ్డం పెట్టి, ఎర్ర దీపం వెలిగించి, తెల్లవారి పరీక్షించి పూడ్చవచ్చు. సీసీ రోడ్డును జేసీబీతో మళ్లీ పగలగొట్టడానికి పట్టే రోజులతో పోలిస్తే అదెంత?

ప్రతి కొత్త కనెక్షన్ కాగితం మీద నాలుగు వివరాలు రాయించండి: పైపు రకం, సొల్యూషన్ పేరు, అతికిన వేళ, పరీక్షించిన వేళ. ఇంటివాళ్ల సంతకం తీసుకోండి. గుంతలో అతుకు కనబడేలా ఒక ఫోటో తీయించి వార్డు ఆఫీసరు దగ్గర ఉంచండి. డిసెంబరులో మన చర్చికి వచ్చే జనానికి వేసే తాత్కాలిక నల్లాలకూ ఇదే వర్తింపజేయండి. రాత్రికి రాత్రి వేసే ఆ లైన్ల నీళ్లు తాగేది ఎక్కడెక్కడి నుంచో పిల్లాపాపలతో వచ్చినవాళ్లు.

మొదట ఒక్క వార్డులో పెట్టి చూడండి. వానలు మొదలయ్యేలోపు ఆ వార్డులో వేసే కొత్త కనెక్షన్లన్నీ ఇలా చేయించి, వానాకాలం అయ్యాక అక్కడ వచ్చిన మరమ్మతులనూ పక్క వార్డులో వచ్చినవాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ లెక్క మున్సిపల్ నోటీసు బోర్డు మీద అంటిస్తే ఊరంతా చదువుతుంది. మా గల్లీలో గుంత తవ్విన రోజు ఆ గంటసేపు కాపలా ఉండటానికి మేం సిద్ధంగా ఉన్నాం. వార్డు ఆఫీసరును చేతిపంపుతో పంపించండి.

ఇట్లు,
మెదక్ పట్టణ నల్లా వినియోగదారుడు